దక్షిణ, టెండరు, స్వామిత్వం

ప్రభుత్వ ఆసుపత్రి భవనాన్ని ఏడాది పొడవునా కనిపెట్టుకుని ఉండే పనిని టెండరు పిలిచి ఒక సంస్థకు అప్పగించడం పరిపాలనలో మామూలు వ్యవహారం. అంచనా విలువ, ధరావతు, గడువు, అర్హతలు అన్న నాలుగు వివరాలతో పత్రికలో ఒక మూల అచ్చయ్యే ఆ ప్రకటనను ధర్మశాస్త్రానికి సంబంధించిన ప్రశ్నగా చదివేవారు అరుదు. అయినా భారతీయ తత్త్వచింతన శతాబ్దాల పాటు తర్కించిన సమస్య ఒకటి అందులో ఉంది. తాను చేయవలసిన కర్మను మనిషి డబ్బిచ్చి మరొకరిచేత చేయించవచ్చునా, చేయిస్తే ఫలం ఎవరికి చెందుతుంది, లోపం జరిగితే దోషం ఎవరిది, ఇతరులకు అప్పగించగలిగినదానికి హద్దు ఎక్కడ అన్నవి ఆ సమస్యకు నాలుగు ముఖాలు. వీటిని అందరికంటే నిశితంగా విచారించినవారు పూర్వమీమాంసకులు, అంటే వేదంలోని కర్మభాగానికి అర్థనిర్ణయం చేసిన జైమిని, ఆయన సూత్రాలకు భాష్యం రాసిన శబరుడు, ఆ సంప్రదాయంలోని పండితులు. వారు మాట్లాడింది యజ్ఞం గురించి. అయినా వారు గీసిన గీతలు ఉమ్మడి భవనాల సంరక్షణకు ఎంత దగ్గరగా వర్తిస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా టెండరు స్వరూపం చూడాలి. ఒక పనికి ఎంత తీసుకుంటారో చెప్పమని అర్హులందరినీ బహిరంగంగా అడిగి, ముందే ప్రకటించిన నియమాల ప్రకారం వారిలో ఒకరిని ఎంచుకునే పద్ధతి టెండరు. భవన నిర్వహణ విషయంలో లిఫ్టులు, జనరేటర్లు, నీటి ట్యాంకులు, మురుగు పైపులు, విద్యుత్ తీగలు, పైకప్పు, పారిశుద్ధ్యం అన్నీ లెక్కలోకి తీసుకుని ఇంజినీర్లు అంచనా తయారు చేస్తారు. గుత్తేదారు ధరావతును, అంటే పని దక్కాక వెనక్కి తగ్గనని హామీగా ముందే కట్టే సొమ్మును, చెల్లించి తన అర్హతల పత్రాలను ఒక భాగంగా, తాను అడిగే ధరను మరొక భాగంగా దాఖలు చేస్తాడు. అర్హులుగా తేలినవారి ధరలను మాత్రమే తెరిచి, అందరికంటే తక్కువకు వేసినవారికి, కార్యాలయాల వాడుకలో ఎల్-1కు, పని ఇస్తారు. జరిగిన పనిని కొలిచి ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో ఎక్కించి, దాని ఆధారంగా బిల్లు చెల్లిస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లోనే ఈ ప్రక్రియను కంప్యూటర్ల మీదికి తెచ్చింది. టెండరు పెట్టె దగ్గర ఎవరు ఎవరిని అడ్డుకుంటారన్న భయం దానితో చాలావరకు తగ్గింది.

ఈ పద్ధతిని తేలికగా తీసిపారేయడం అన్యాయం. టెండరు లేకుండా తెలిసినవారికి పని కట్టబెట్టే నామినేషన్ పద్ధతిలో పక్షపాతానికి తలుపులు బార్లా తెరిచినట్టే అవుతుంది. బహిరంగంగా అడిగి ఇవ్వడం అనే ఆలోచన ఈ దేశానికి కొత్తది కూడా కాదు. ఇల్లు, పొలం వంటివి అమ్మేటప్పుడు పొరుగువారి సమక్షంలో ధరను మూడుసార్లు ప్రకటించి కొనేవారిని పిలవాలని, పోటీ వల్ల ధర పెరిగితే ఆ పెరిగిన మొత్తం సుంకంతో సహా ఖజానాకు చేరాలని కౌటిల్యుని అర్థశాస్త్రం నియమించింది. ఆధునిక కాలంలో దీనికి రాజ్యాంగబద్ధమైన రూపం ఇచ్చినది 1979 నాటి సుప్రీంకోర్టు తీర్పు. బొంబాయి విమానాశ్రయంలో ఒక రెస్టారెంటు, రెండు చిరుతిళ్ల అంగళ్లు నడిపే కాంట్రాక్టు విషయంలో, కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న నమోదిత హోటల్ నిర్వాహకులే అర్హులని ప్రకటించి, ఆ అర్హత లేనివారికి పని ఇచ్చినప్పుడు రమణ దయారాం శెట్టి కేసు నడిచింది. ప్రకటించిన ప్రమాణానికి ప్రభుత్వ సంస్థ తానే కట్టుబడి ఉండాలని, కాంట్రాక్టులు ఇవ్వడంలోనూ 14వ అధికరణంలోని సమానత్వం వర్తిస్తుందని న్యాయమూర్తి పి.ఎన్. భగవతి రాసిన తీర్పు చెప్పింది. ప్రభుత్వం తన సొమ్మును గృహస్థు తన సొమ్మును ఖర్చుపెట్టుకున్నట్టు ఇష్టం వచ్చినవారికి ఇచ్చుకోవడానికి వీలులేదు, ఎందుకంటే ఆ సొమ్ము దానిది కాదు. టెండరులోని ధర్మాంశం ఇదే.

ఇక మీమాంస ప్రశ్న. యజ్ఞఫలం దాన్ని చేసేవాడికే అని శాస్త్రం చెబుతుంది కనుక యజమాని, అంటే యజ్ఞాన్ని సంకల్పించి తన ద్రవ్యంతో జరిపించేవాడు, అందులోని ప్రతి పనీ తానే చేయాలా అని జైమిని మూడో అధ్యాయంలో విచారిస్తాడు. తానే చేయాలన్నది పూర్వపక్షం. సిద్ధాంతం వేరు: ద్రవ్యాన్ని తనది కాదని విడిచే త్యాగం మాత్రం యజమానే చేయాలి, మిగిలిన పనులు ఇతరులు చేస్తారు, ఎందుకంటే వేదమే ఋత్విక్కుల, అంటే యజ్ఞం జరిపించే పురోహితుల, పరిక్రయాన్ని విధించింది. పరిక్రయం అంటే ప్రతిఫలం ఇచ్చి కొంతకాలానికి ఒకరి శ్రమను తన పనికి కుదుర్చుకోవడం. ఎవడూ తనను తాను కూలికి కుదుర్చుకోలేడు కనుక పరిక్రయం ఉందంటేనే చేసేవాడు వేరొకడు ఉన్నాడని అర్థం అన్న ఆ వాదంలోని తర్కం ఎంతో పదునైనది. దక్షిణ దేనికి అన్న చర్చలోనూ మీమాంసకులు అంతే నిక్కచ్చిగా మాట్లాడారు. అది కంటికి కనిపించని పుణ్యం కోసం ఇచ్చే దానం కాదని, ఋత్విక్కులను పనికి అనుకూలం చేసుకునే వేతనమని తేల్చారు. సోమయాగంలోని పదహారుమంది ఋత్విక్కులకు పూర్తి, సగం, మూడోవంతు, పాతిక అన్న నాలుగు వంతుల్లో ఆ దక్షిణ పంచాలని బాధ్యతను బట్టి లెక్క కట్టారు. కనుక పనిని కూలికిచ్చి చేయించడంలో స్వతహాగా అధర్మం ఏదీ లేదు. అత్యంత పవిత్రమనుకున్న కర్మకే అది చెల్లినప్పుడు ఆసుపత్రి గోడకు సున్నం వేయడానికి చెల్లదనడం కుదరదు.

అయితే కుదుర్చుకునే తీరుకు శ్రౌతసూత్రాలు, అంటే వైదిక యజ్ఞాల పద్ధతిని చెప్పే గ్రంథాలు, కొన్ని మర్యాదలు పెట్టాయి. తెలుగు వైదిక కుటుంబాలలో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ సూత్రం ప్రకారం, యజమాని పంపిన దూత వచ్చి ఆహ్వానించినప్పుడు ఋత్విక్కు వెంటనే ఒప్పుకోడు. అది ఏ యజ్ఞం, తోటి ఋత్విక్కులు ఎవరు, ఇంతకుముందు ఎవరైనా మధ్యలో వదిలేసిన పనా, దక్షిణ సక్రమమైనదేనా అని విచారించుకున్న తరువాతే అంగీకరిస్తాడు. చేసేవాడు చేయించేవాణ్ని పరీక్షించే ఈ హక్కు నేటి టెండరు పత్రాలలో అంతగా కనిపించదు. వాటిలో షరతులు పెట్టేది ఒక పక్షమే. దక్షిణ ఇచ్చే సమయం కూడా గమనించదగినది. సోమయాగంలో దక్షిణలు పంచేది కర్మ అంతా ముగిసి అందరూ ఇళ్లకు బయలుదేరేటప్పుడు కాదు, సోమరసం పిండే రోజున మధ్యాహ్న సవనంలో, కర్మ నడుస్తుండగానే. పని చేయించుకుని బిల్లులు నెలల తరబడి పెండింగ్‌లో పెట్టే యజమాని, దక్షిణ లేని యజ్ఞం చేసినవాడి కిందే లెక్క. ఆ ఆలస్యపు భారం గుత్తేదారు దగ్గర ఆగదు; వార్డులు తుడిచే పారిశుద్ధ్య కార్మికురాలి జీతం దాకా పోయి, ఆమె ఇంట్లో అప్పుగా తేలుతుంది.

పరిక్రయానికి ఒక హద్దు ఉంది, ఈ వ్యాసానికి ప్రాణం ఆ హద్దులోనే ఉంది. ఆరో అధ్యాయంలో జైమిని ప్రతినిధి విచారం చేస్తాడు. విధించిన వస్తువు దొరకనప్పుడు దానికి బదులుగా తీసుకునేది ప్రతినిధి. వరి ధాన్యం దొరక్కపోతే అడవిలో దానంతట అది పండే నివ్వరి వాడవచ్చు, ద్రవ్యానికి ద్రవ్యం ప్రతినిధి కాగలదు. కానీ దేవతకు, అగ్నికి, మంత్రానికి, విధించిన క్రియకు ప్రతినిధి లేదు. అన్నిటికీ మించి స్వామికి, అంటే ఆ కర్మ ఎవరిదో వారికి, ప్రతినిధి లేడు. శ్రమను కొనవచ్చు, స్వామిత్వాన్ని కొనలేరు, అమ్మలేరు. ఒక ఆసుపత్రి నిర్వహణను ఏ సంస్థకు ఇచ్చినా ఆ భవనానికి స్వామి ఆ సంస్థ కాదు. చట్టం ఈ సంగతిని తన భాషలో ఒప్పుకుంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం, గుత్తేదారు వేతనాలు ఇవ్వకపోతే వాటిని చెల్లించవలసిన బాధ్యత పని చేయించుకునే ప్రధాన యజమానిదేనని 21వ సెక్షనులో శాసించింది, తరువాత వచ్చిన కార్మిక స్మృతిలోనూ ఆ సూత్రం నిలిచింది. అయినప్పటికీ లిఫ్టు ఆగినా, పైకప్పు పెచ్చులూడి పడినా మొదట వినిపించే సమాధానం అది ఏజెన్సీ పని అన్నదే. మీమాంస దృష్టిలో ఆ సమాధానం కేవలం బాధ్యత తప్పించుకోవడం కాదు, తర్కరీత్యా అసంభవమైన బదిలీ జరిగిందని చెప్పుకోవడం.

ఇక్కడ మరొక విభజన అవసరమవుతుంది. కోరిక కోసం చేసేది కామ్యకర్మ. కోరిక ఉన్నా లేకున్నా జీవించినంత కాలం చేయవలసినది, మానితే ప్రత్యవాయం, అంటే దోషం, కలిగించేది నిత్యకర్మ. ఉదయం సాయంత్రం చేసే అగ్నిహోత్రం నిత్యకర్మకు ప్రసిద్ధ ఉదాహరణ. కామ్యకర్మను అన్ని అంగాలతో సంపూర్ణంగా చేయగలిగితేనే పూనుకోవాలని, నిత్యకర్మలో మాత్రం శక్తి చాలనప్పుడు కొన్ని అంగాలు తగ్గినా ప్రధానాన్ని మానకూడదని మీమాంసకుల నిర్ణయం. కొత్త భవనం కట్టడం కామ్యం. ఒక ప్రభుత్వం దానిని ఎంచుకోవచ్చు, ఎంచుకోకపోవచ్చు, ఎంచుకుంటే పూర్తి చేయాలి. ఉన్న భవనాన్ని నిలబెట్టుకోవడం నిత్యం. నిధులు విడుదల కాలేదు కనుక ఈ ఏడాది మరమ్మతులు లేవన్న మాట నిత్యకర్మ విషయంలో చెల్లదు. నిధులు తక్కువైతే రంగులు వేయడం మానవచ్చు, తోట పని తగ్గించవచ్చు. తాగునీటి ట్యాంకు కడగడం, ఆక్సిజన్ పైపుల తనిఖీ, విద్యుత్ తీగల పరీక్ష మానడానికి వీలులేదు. మంచి టెండరు పత్రం తయారు చేసే ఇంజినీరు నిజానికి ప్రధానం ఏది, అంగం ఏది అన్న మీమాంసనే చేస్తున్నాడు.

తెలుగు నేల ఈ విషయంలో రెండు భిన్నమైన వారసత్వాలను మోస్తోంది. ఒకటి సప్తసంతానాల భావన. కొడుకు, నిధి, దేవాలయం, అగ్రహారం, వనం, చెరువు, కృతి అన్న ఏడూ మనిషి పేరును నిలబెట్టే సంతానాలని రాజులు, కవులు నమ్మారు. శాసనాలలో, కావ్యాల అవతారికలలో ఆ మాట మళ్లీమళ్లీ వస్తుంది. కడప సీమలోని పోరుమామిళ్లలో 1369లో వేయించిన శాసనం విజయనగర రాజవంశీకుడైన భాస్కర భవదూరుడు కట్టించిన చెరువును వర్ణిస్తూ, వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల కాలం పట్టిందని చెప్పి, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను జాబితాగా ఇచ్చింది. కట్టడం ఎంత శ్రద్ధగా నమోదైందో చూడటానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. రెండో వారసత్వం అంత ప్రసిద్ధం కాదు. తామ్రశాసనాల చివర అచ్చుపోసినట్టు వచ్చే శ్లోకాలలో ఒకటి, దానం చేయడం, దానాన్ని కాపాడటం అన్న రెండిటిలో కాపాడటమే గొప్పదని, దానం స్వర్గాన్ని ఇస్తే పాలన చ్యుతి లేని పదాన్ని ఇస్తుందని తీర్పు చెబుతుంది. మరొకటి తాను ఇచ్చినదానికంటే ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడటంలో పుణ్యం రెట్టింపు అంటుంది. శంకుస్థాపన శిలాఫలకాల సంస్కృతి మొదటి వారసత్వాన్ని మాత్రమే అందుకుంది.

అర్థశాస్త్రం ఈ తూకాన్ని రాజ్యదృష్టితో వేరుగా వేసింది. కొత్త చెరువు, కట్ట కట్టినవారికి ఐదేళ్ల పన్ను మినహాయింపు, తెగిపోయి వదిలేసినవాటిని బాగుచేసినవారికి నాలుగేళ్లు, పూడి పొదలు కమ్మినవాటిని శుభ్రం చేసినవారికి మూడేళ్లు ఇవ్వాలంది. కట్టడానికి ఎక్కువే ఇచ్చినా బాగుచేయడానికి పెద్ద తేడా లేకుండా ఇచ్చిందన్నది గమనించాలి. ఇతరుల చెరువును కౌలుకో వాటాకో తీసుకుని అనుభవించేవారు మరమ్మతు చేయకపోతే నష్టానికి రెట్టింపు దండుగ కట్టాలని కూడా చెప్పింది. నిర్వహణ ఒప్పందంలో అలసత్వానికి జరిమానా రాసే నేటి షరతుకు ఇది పూర్వరూపం.

నిత్యకర్మ మానితే వచ్చే ప్రత్యవాయం ఎలా ఉంటుందో హైదరాబాదులో మూసీ ఒడ్డున చూడవచ్చు. 1908 వరదల తరువాత నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ రూపకల్పనతో లేచిన ఉస్మానియా ఆసుపత్రి ఒక శతాబ్దం పాటు పేదల ఆసుపత్రిగా నిలిచింది. పైకప్పులు కారడం, పెచ్చులూడటం ఏళ్ల తరబడి సాగాయి. 2015లో కూల్చివేత ప్రతిపాదన, దానికి వ్యతిరేకంగా వారసత్వ పరిరక్షకుల ఆందోళన, కోర్టు వ్యాజ్యాలు వరుసగా వచ్చాయి. 2020 జూలైలో వాననీరు వార్డులలోకి చేరి రోగుల మంచాల కింద నిలిచిన తరువాత పాత భవనాన్ని ఖాళీ చేయించారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఏ ఒక్క ప్రభుత్వాన్నో, అధికారినో వేలెత్తి చూపడం ఇక్కడ ఉద్దేశం కాదు. అన్ని ఏళ్ల చర్చ అంతా కూల్చాలా, ఉంచాలా, కొత్తది ఎక్కడ కట్టాలి అన్న కామ్యకర్మ చుట్టూ తిరిగింది. వానాకాలానికి ముందు మిద్దె మీది నీటి గొట్టాలు ఎవరు శుభ్రం చేయాలన్నది ఆ స్థాయి చర్చకు ఎన్నడూ నోచుకోలేదు. ఆ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించినవారు కార్పొరేటు ఆసుపత్రి గడప ఎక్కలేనివారే.

తక్కువ ధర అన్న ప్రమాణానికి ఉన్న లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. పాత భవనాల పిట్టగోడ పగులులో మొలిచే రావిమొక్కను గమనిస్తే అది తేటతెల్లమవుతుంది. మొక్కను పైకి నరికేస్తే ఎం-బుక్‌లో మొక్కల తొలగింపు కింద కొలత పడుతుంది, బిల్లు వస్తుంది. వేరు పగులులోనే ఉంటుంది. రెండు వానలకు మళ్లీ చిగురిస్తుంది, ఈసారి కాండం లావై రాతిని విడదీస్తుంది. పగులు విప్పి, వేరు తీసి, చంపే మందు పోసి, సున్నంతో పూడ్చడానికి పనివాడికి చాలా సమయం పడుతుంది, కానీ కింద నిలబడి చూసేవారికి రెండు పనులూ ఒకేలా కనిపిస్తాయి. అందరికంటే తక్కువకు వేసినవాడు మొదటి పనికి ధర వేశాడు, అందరికంటే నిజాయితీపరుడు రెండో పనికి వేశాడు. టెండరు పట్టికలో వారిద్దరి ముందూ ఒకే వాక్యం ఉంటుంది. నిర్వహణలోని సారం చాలామటుకు ఇలా కొలతకు అందనిదే. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన సాధారణ సూచనలలో, నాణ్యత ముఖ్యమని ప్రకటించిన పనులకు ధరేతర అంశాలకూ 30 శాతం దాకా తూకం ఇవ్వవచ్చని అనుమతించింది. అది సరైన దారిలో ఒక అడుగు. అంతకంటే ముందు చేయవలసినది కార్మికుల వేతనాన్ని పోటీ నుంచి పూర్తిగా తప్పించడం. ఎంతమంది మనుషులు, ఎంత జీతం అన్నది యజమాని ముందే నిర్ణయించాలి. పోటీ మిగిలినదాని మీదే జరగాలి. పారిశుద్ధ్య కార్మికురాలి ఒంటి మీద నుంచి కోసి చూపించిన పొదుపు పొదుపు కాదు.

పర్యవేక్షణ విషయంలో బౌద్ధం ఇచ్చిన బోధ మరువరానిది. వినయపిటకంలోని చుల్లవగ్గలో వైశాలి నగరపు పేద దర్జీ ఒకడు కనిపిస్తాడు. సంఘానికి విహారం కట్టివ్వాలన్న కోరికతో అతడు తానే మట్టి తొక్కి, ఇటుకలు పేర్చి గోడ లేపుతాడు. తీరు తెలియక గోడ వంకరపోయి కూలిపోతుంది. రెండోసారీ, మూడోసారీ అంతే. వస్త్రాలు, భోజనాలు సమర్పించగల సంపన్నుల కట్టడాలను భిక్షువులు దగ్గరుండి చూస్తారని, తాను పేదవాడు కనుక చెప్పేవారు లేరని అతడు నొచ్చుకుంటాడు. ఆ మాట విన్న బుద్ధుడు దర్జీకి ఓర్పు బోధించలేదు. నవకమ్మికుడనే పదవిని, అంటే కట్టడపు పనిని దగ్గరుండి చూసే భిక్షువును, ఏర్పాటు చేశాడు. పని త్వరగా ముగిసేలా చూడటమే కాక, విరిగినవాటిని, చెడిపోయినవాటిని బాగుచేయించడం కూడా అతని విధిగా నియమించాడు. మట్టి ముద్ద పెట్టడం, తలుపు బిగించడం వంటి చిల్లర పనులు చూపి ఆ బాధ్యతను ఏళ్ల తరబడి చేతిలో పెట్టుకోకూడదని, చిన్న విహారమైతే ఐదారేళ్లు, పెద్దదైతే పది పన్నెండేళ్లు అని పనిని బట్టి కాలపరిమితి కూడా అదే గ్రంథం విధించింది. ఒక్కో ఏడాదికి టెండరు పిలిచి, ఏజెన్సీకి భవనపు పైపులు ఎటు పోతాయో తెలిసేలోపే మార్చేసే నేటి అలవాటుతో పోల్చినప్పుడు ఆ వివేకం ఎంత లోతైనదో తెలుస్తుంది.

ఆ పదవి గ్రంథాలకే పరిమితం కాలేదు. కృష్ణాతీరంలోని నాగార్జునకొండలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో, బోధిసిరి అనే ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనం ఉంది. తన దానాలను, తన బంధువులను పేర్కొన్న తరువాత ఆమె శాసనం చివర ఆ పనిని ముగ్గురు నవకమ్మికులు, చందముఖ థేరుడు, ధమ్మనంది థేరుడు, నాగ థేరుడు, చేయించారని, రాతిపని విధికుడనే శిల్పిదని చెక్కించింది. ఇచ్చినది ఎవరు, దగ్గరుండి చూసినది ఎవరు, చేతులతో చేసినది ఎవరు అన్న మూడు బాధ్యతలూ మూడో శతాబ్దపు ఒకే రాతి మీద ఉన్నాయి. నేటి ప్రభుత్వ భవనం గోడ మీది ఫలకంలో మొదటివారి పేర్లే ఉంటాయి.

యజ్ఞంలో ఈ పర్యవేక్షకుని స్థానం బ్రహ్మ అనే ఋత్విక్కుది. మిగిలినవారు మంత్రాలు చదువుతూ, ఆహుతులు వేస్తూ ఉండగా ఆయన మౌనంగా కూర్చుని మనసుతో కర్మ మొత్తాన్ని వెంటాడతాడు. ఎక్కడైనా లోపం జరిగితే ప్రాయశ్చిత్తంతో సరిదిద్దుతాడు. మౌనం పాటించవలసిన వేళ ఆయన మాట్లాడితే యజ్ఞం ఒంటికాలి మీద నడిచేవాడిలా కుంటుపడుతుందని ఛాందోగ్యోపనిషత్తు చెప్పింది. పని చేయనివాడికి దక్షిణ ఎందుకన్న ప్రశ్న ఆనాడే పుట్టింది, కర్మలో సగభాగం ఆయనదేనన్న సమాధానమూ ఆనాడే వచ్చింది. ఆసుపత్రికి సొంతంగా ఒక సైట్ ఇంజినీరును ఇవ్వకుండా, ఉన్న ఒకరికే అరడజను భవనాలు అప్పగించి, బిల్లు మీద సంతకం రోజున మాత్రమే ఆయన రావడాన్ని పర్యవేక్షణ అనుకోవడం బ్రహ్మ లేకుండా యాగం చేయడమే.

చివరి చిక్కు స్వామి ఎవరన్నది. ప్రజాస్వామ్యంలో యజమాని ఒకడు కాదు. మీమాంసకు ఇలాంటి స్థితి తెలియనిది కాదు. సత్రమనే యాగంలో పదిహేడు మందికి తగ్గకుండా యజమానులు కలిసి కూర్చుంటారు, వారే ఋత్విక్కులు, దక్షిణ ఉండదు, ఫలం అందరిదీ. మధ్యలో ఒకరు మరణిస్తే సంఖ్య నింపడానికి మరొకరిని తేవచ్చు, స్వామికి ప్రతినిధి లేడన్న నియమానికి ఇది ఒక్కటే మినహాయింపు. అలా వచ్చినవాడు యజమాని పాటించవలసిన దీక్షా నియమాలన్నీ పాటించాలి, కానీ అతడు స్వామి కాడు, ఫలం అతనిది కాదు. ప్రభుత్వాధికారి స్థానాన్ని ఇంతకంటే కచ్చితంగా నిర్వచించడం కష్టం. యజమాని నియమాలన్నీ అతనికి ఉన్నాయి, యజమాని సొత్తు మాత్రం అతనిది కాదు. అందుకే అతడు లెక్క చెప్పాలి. పదో శతాబ్దపు ఉత్తరమేరూరు శాసనాలు చెరువు, తోట వంటివాటి వారియాలకు, అంటే గ్రామసభ కమిటీలకు, చీటీ తీసి సభ్యులను ఎంచే పద్ధతిని చెబుతూ, ఇంతకుముందు కమిటీలో ఉండి లెక్కలు అప్పగించనివారిని, వారి దగ్గరి బంధువులను కూడా అనర్హులను చేశాయి.

స్వామి లెక్క అడగకపోతే ఆ నియమాలేవీ పనిచేయవు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఈ విషయంలో పౌరునికి ఇచ్చినది కేవలం కాగితాలు చూసే హక్కు కాదు. ఆ చట్టంలో సమాచార హక్కు నిర్వచనంలోనే, ప్రభుత్వ సంస్థ ఆధీనంలోని పనులను స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరణతో తీసుకునే హక్కు చేర్చి ఉన్నాయి. తన ఊరి ఆసుపత్రి నిర్వహణ ఒప్పందం ప్రతిని, ఎం-బుక్ పుటలను, కార్మికుల వేతన పట్టికను అడిగే పౌరుడు ఎవరి పనిలోనూ జోక్యం చేసుకున్నట్టు కాదు. తన యాగశాలలో తాను కూర్చున్నట్టు. ఆసుపత్రులు తామంతట తాము ఆ మూడు కాగితాలను ఓపీ చీటీల కౌంటరు పక్కన గోడకు అంటించాలి. అంటించేదాకా పాఠకులు వాటిని అడగాలి, వానాకాలం రాకముందే అడగాలి.